రెండో ప్రశ్న లేని ఇల్లు

మామ చనిపోయాడని గురువారం మధ్యాహ్నం అత్త ఫోను చేసి చెప్పింది. అప్పుడు నేను పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. పిండిమరకు కొత్త బెల్టు వేయించి, సరిగా తిరుగుతోందా లేదా అని చూస్తూ నిలబడ్డవాడు గోడకు చేరగిలబడి కూర్చున్నాడట. ఇంక లేవలేదట. దహనం కూడా అక్కడే, జాంబియాలోనే జరిగింది. "మరలో పనిచేసేవాళ్లే మోసినారు పాపా. మనూరి నుంచి రావల్లంటే ఎవురొస్తారు, ఎప్పటికొస్తారు" అంది అత్త. ఏడ్చి ఏడ్చి అరిగిపోయిన గొంతు. పెట్టేసే ముందు "తిన్యావా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఫోను పెట్టేసే ముందు అడగక తప్పని మాట అది, చావు కబురైనా సరే. తిన్నానని అబద్ధం చెప్పాను.

మామ నాకు చుట్టం కాదు. రెండేళ్లు ఆయన ఇంట్లో అన్నం తిన్నాను, అంతే. కానీ మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఎవరూ తీయలేని ఒక ముల్లును తీసింది ఆయనే. దాన్ని గుచ్చింది కూడా ఆయనే. రెండూ రాయకపోతే ఆయన గురించి రాసినట్టు కాదు, కాబట్టి రెండూ రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్ల వయసులో నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. ఆఫ్రికా దేశాల బడులకు రెండేళ్ల పాటు వాలంటీరు టీచర్లు కావాలని ఒక స్వచ్ఛంద సంస్థ పేపర్లో ప్రకటన ఇస్తే దరఖాస్తు పెట్టాను. అందరికీ సేవ చేయాలని పోతున్నానని చెప్పాను. అసలు సంగతి, నన్నెవరూ "ఫలానా అయ్యవారి కూతురు" అని గుర్తుపట్టని చోటికి పోవాలనిపించింది. దాని కథ తర్వాత చెబుతాను.

జాంబియాలో నాకిచ్చిన బడి ఒక చిన్న ఊళ్లో ఉంది. రేకుల కప్పు, ఎర్రమట్టి ఆట స్థలం, ఒక్కో తరగతిలో డెబ్బై మంది పిల్లలు. పిల్లలు బంగారం లాంటివాళ్లు. తిండే కష్టమైంది. మొక్కజొన్న పిండితో చేసే న్షిమా అనే ముద్ద, ఆకుకూర, ఎండుచేప. చేప నేను తినను. నెల తిరిగేసరికి నా జాకెట్లన్నీ వదులయ్యాయి. సంస్థవాళ్ల మీటింగుకు పట్నం పోయినప్పుడు, అక్కడ దుకాణం నడిపే గుజరాతీ ఆయన నన్ను చూసి జాలిపడి, మీ భాష మాట్లాడే మనిషొకాయన ఈ ఊళ్లో పిండిమర నడుపుతాడు, ఆదివారం పొండి, మా వాళ్లు కూడా అక్కడే తింటారు అని చెప్పాడు.

ఆ ఆదివారమే రెండు గంటలు బస్సులో పోయాను. గేటు దగ్గర కాపలా ఉన్న నల్లటి పొడుగాటి ముసలాయన నన్ను చూసి నవ్వి, "తిన్యావా పాపా?" అన్నాడు. కడప జిల్లా మాట ఆయన నోట వినేసరికి గేటు దగ్గరే నిలబడిపోయాను. మామ దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేసి ఆయన నేర్చుకున్న తెలుగు మొత్తం ఆ రెండు మాటలేనని తర్వాత తెలిసింది. ఆ ఇంట్లో అంతకంటే ఎక్కువ అవసరం కూడా పడదు.

మామ బయటికొచ్చాడు. యాభై దాటిన మనిషి, పిండి పడి కనుబొమలు తెల్లగా ఉన్నాయి. "యా ఊరు పాపా మీది?" అన్నాడు. ప్రొద్దుటూరన్నాను. "మాది జమ్మలమడుగు దాటినాక, కొండాపురం పోయే దోవలో. రా, ముందు తిను, తర్వాత మాట్లాడుదువు గానీ" అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు.

మా వైపు వాళ్లకు అదెంత విచిత్రమో వేరే చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం చెబుతాను. ఆ రోజుల్లో జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో కొత్త మనిషి కనిపిస్తే రెండు ప్రశ్నలు ఉండేవి. మొదటిది యా ఊరు. రెండోది ఎవరి తట్టు. ప్రతి ఊళ్లోనూ రెండు పార్టీలు. జెండాలు తర్వాత వచ్చాయి, ముందు మనుషులే పార్టీలు. రెండో ప్రశ్నకు చెప్పే జవాబును బట్టి మంచం వాల్చడమో, మంచినీళ్లివ్వడమో, వచ్చిన దారి చూపించడమో ఉండేది. అవతలి తట్టు ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. ముట్టారంటే రాజీ అయినట్టే లెక్క. పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేసినప్పుడు కూడా కాగితం మీద సంతకం కంటే పక్కపక్కన కూర్చుని తిన్న అన్నమే గట్టిది.

మామ ఆ ఇంటికి ఒక కట్టుబాటు పెట్టాడు. అక్కడికి తెలుగువాళ్లు ఎవరొచ్చినా, గనుల్లో ఇంజనీర్లు గానీ, నర్సులు గానీ, మా వాలంటీర్లు గానీ, మొదటి ప్రశ్న మాత్రమే ఉంటుంది. ఎవరైనా మాటల్లో పడి ఫలానా నాయకుడు, ఫలానా ఎన్నికలు అని మొదలుపెడితే గరిటెతో కంచం అంచు మీద ఒకటి కొట్టి, "ఈ ఇంట్లో రెండో ప్రశ్న లేదప్పా" అనేవాడు. ఆ శబ్దం తర్వాత అందరూ కంచంలోని ఊరుబిండి పచ్చడి గురించి మాట్లాడుకునేవాళ్లు.

ఆ వంటల గురించి రాయకపోతే అత్త ఊరుకోదు. రాగులు అక్కడ కూడా పండుతాయి, కానీ ఆ జనం వాటితో బీరు కాచుకుంటారు. మామ బస్తాలకు బస్తాలు కొనడం చూసి సంతలో ఆడవాళ్లు ఈయన భలే తాగుబోతని చాలా కాలం అనుకున్నారట. ఆ రాగులు తన మరలోనే ఆడించి, ఆదివారం పెద్ద గుండిగలో సంగటి కెలికేవాడు. కెలకడం మాత్రం అత్తకు వదలడు, తెడ్డు తనే పట్టుకోవాలి. తినేవాళ్లకు నాటుకోడి, నాకు పుల్లగూర, వేరుశనగల ఊరుబిండి. నాకోసం వేరే పొయ్యి, వేరే గరిటె. ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ నొప్పించకుండా అత్త ఆ ఏర్పాటు చేసింది. తిన్నాక ఎవరైనా లేచి పోబోతే చెప్పులు కనిపించేవి కావు. సాయంత్రం ఉగ్గాని, టీ అయ్యాక రాగుల బస్తాల వెనక నుంచి మామే తెచ్చి ఇచ్చేవాడు. తలస్నానానికి వేడినీళ్లు, పాత తెలుగు వారపత్రికలు, పోయేటప్పుడు డబ్బా నిండా కారప్పొడి. మేము ఆ దేశానికి సేవ చేయడానికి వెళ్లామని పేరు. మాకు సేవ చేసింది ఆ ఇల్లు.

మామకు కొన్ని అలవాట్లుండేవి. వీపు గోడకు ఆనించి, వాకిలి కనపడేట్టు తప్ప కూర్చోడు. వెనక కిటికీ ఉంటే ఆ కుర్చీ జరపాల్సిందే. ఇంటి నుంచి మరకు పావుమైలు కూడా ఉండదు, కానీ నిన్న పోయిన దారిన ఇవాళ పోడు. ఇక్కడ నిన్నెవరు చంపుతారు మామా అని కేరళ నర్సు ఒకామె ఎగతాళి చేస్తే ఆయనా నవ్వాడు. "ఈడ ఎవురూ లేరు. నాకు తెలుసు. ఈపుకు తెలీదు" అన్నాడు.

మూడో నెలలో అనుకుంటాను, వడ్డించడానికి సాయంగా లోపలి గదిలోకి పోయాను. గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. మీసాలు సరిగా రాని కుర్రవాడు, మెడ చుట్టూ తువ్వాల. అత్తను అడిగితే మామ తమ్ముడని, వేరుశనగ కల్లంలో పట్టపగలు చంపేశారని, కేసు కొట్టేశారని చెప్పింది. తర్వాత ఊరి పేరు చెప్పింది. "సాక్ష్యం చెప్పాల్సిన అయ్యవారు కోర్టులో నోరు తిప్పినాడంట" అంది. నా చేతిలో పళ్లెం ఉంది. దాన్ని నేల మీద పెట్టి, మళ్లీ తీసుకుని బయటికి వచ్చాను.

ఆ అయ్యవారు మా నాన్న.

ఆయన ఆ ఊరి బడిలో పంతులు. అక్కడే ఉండేవాళ్లం. కేసులో కళ్లారా చూసిన సాక్షి మా నాన్న అని రాశారు. కోర్టులో ఆయన చూడలేదన్నాడు. కేసు పోయింది. గెలిచిన తట్టు వాళ్లు శాలువా, పండ్లబుట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నాన్న వాళ్లను గడపలోనే నిలబెట్టి, తీసుకోకుండా పంపేశాడు. వాళ్లు రావడం ఊరంతా చూసింది, బుట్ట వెనక్కి పోవడం ఎవరూ చూడలేదు. ఆ తర్వాత మా అమ్మ బోరింగు దగ్గరికి పోతే ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లు. దువ్వూరు వైపు ట్రాన్స్‌ఫరు పెట్టుకుని ఊరు వదిలాం, చివరికి ప్రొద్దుటూరు చేరాం. పేరు మాత్రం మాకంటే ముందే చేరింది. కాలేజీలో జమ్మలమడుగు అమ్మాయి ఒకతె నన్ను చూపించి పక్కదానితో, నోరు తిప్పిన అయ్యవారి కూతురు అంది. పదిహేడేళ్ల వయసులో ఒకసారి నాన్నను సూటిగా అడిగాను, చూశావా లేదా అని. "చూడలేదు" అన్నాడు. నేను నమ్మలేదు. భయపడి ఉంటాడులే అనుకున్నాను, జాలిపడ్డాను కూడా. కన్నకూతురి జాలి కంటే ఊరివాళ్ల తిట్టే నయమని ఇప్పుడు తెలుస్తోంది.

ఇప్పుడు ఆ చచ్చిపోయిన కుర్రవాడి అన్న చేతి ముద్ద నేను తింటున్నాను. మామ రెండో ప్రశ్న అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పకుండా తింటే అది దొంగ రాజీ. పుట్టినప్పటి నుంచి ఆ జిల్లాలోనే ఉన్న నాకు ఆ సంగతి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. మానేద్దామనుకునేదాన్ని. ఆదివారం రాగానే కాళ్లు బస్టాండుకే పోయేవి. ఆకలి ఒక్కటే కాదు, ఆ ఇంట్లో నేను అయ్యవారి కూతురిని కాను, వట్టి పాపను.

నాన్నకు ఉత్తరం రాశాను, ఫలానా వాళ్ల ఇంట్లో తింటున్నాను, ఏం చేయమంటావు అని. నెలన్నరకు జవాబు వచ్చింది. వాళ్లు పెట్టింది తిను, మర్యాదగా మసలుకో, నా పేరు అడిగితే చెప్పు, అడక్కపోతే నీ ఇష్టం అని నాలుగు ముక్కలు. కింద, అక్కడ దోమలెక్కువట జాగ్రత్త అని.

దోమలు ఆయన మాట వినలేదు. వానాకాలంలో నాకు మలేరియా వచ్చింది. బడి వాళ్లు కబురు చేస్తే మామే పికప్పు బండి వేసుకొచ్చి, వెనక పరుపు పరిచి, నన్ను ఇంటికి తీసుకుపోయాడు. పదిరోజులు అత్త నా పక్కన కూర్చుని తడిగుడ్డ వేసింది. మామ పొద్దుకు నాలుగుసార్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసి పోయేవాడు. పదకొండో రోజు లేచి, గోడ పట్టుకుని వసారాలోకి నడిచాను. మధ్యాహ్నం, కరెంటు పోయి మర ఆగిపోయింది. మామ తన గోడ కుర్చీలో ఉన్నాడు, అత్త ఆకుకూర గిల్లుతోంది. ఇంక దాచుకునే ఓపిక నాలో లేదు.

"మామా, మా నాయన మీ ఊరి బళ్లో అయ్యవారు. నోరు తిప్పినాడంటారే, ఆయనే" అన్నాను.

అత్త చేతులు ఆగిపోయాయి. లేచి పొమ్మంటాడనుకున్నాను. సంచి సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో కూడా లెక్కవేసుకున్నాను.

"జొరం తగ్గిందా?" అన్నాడు.

తగ్గిందన్నాను.

"అయితే కూసో. ఇది నిలబడి వినే మాట గాదు." నేను కూర్చునేదాకా ఆగాడు. "మీ నాయన నోరు తిప్పలేదు పాపా. ఆయన నోట్లో లేని మాట మేము పెట్టినాము."

ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు ఒక్క ముక్క కూడా మరుపు రాలేదు. కల్లంలో తమ్ముణ్ణి చంపడం చూసింది ఇద్దరే, ఇద్దరూ వాళ్ల ఇంటివాళ్లే. ఇంటివాళ్ల సాక్ష్యం నిలవదు, బయటి మనిషి పేరు కావాలని పార్టీ పెద్దలు చెప్పారు. ఆ రోజుల్లో కేసుల్లో అది మామూలే. చేయనివాళ్ల పేర్లు ముద్దాయిల్లో చేరేవి, చూడనివాళ్ల పేర్లు సాక్షుల్లో చేరేవి. "ఊర్లో ఎవురి తట్టూ గాని మనిషి మీ నాయన ఒక్కడే. ఆయన మాటైతే జడ్జి వింటాడనుకుంటిమి. ఆ పేరు రాయించింది నేనే" అన్నాడు. సమన్లు చేతికి వచ్చేదాకా మా నాన్నకు తాను సాక్షినన్న సంగతే తెలియదట.

"ఆయన ఆ పొద్దు ఊర్లో లేడని నాకు తెలుసు. నేనే చూసినా గదా. ఆదివారం పొద్దున బస్సు కాడ బిడ్డను భుజాన ఏసుకోని నిలబడినాడు. ఏంది అయ్యవారూ, యాడికి పోతాండావు అంటి. బిడ్డకు జొరం తగ్గలేదప్పా, ఆదివారం గూడా చూసే డాక్టరు పులివెందులలో ఉండాడంట, ఆడికి పోతాండా అన్యాడు." మామ నా వైపు తిరిగాడు. "ఆ బిడ్డవు నువ్వే అయ్యుండల్ల."

నేనే. నాన్నతో నాకున్న మొదటి జ్ఞాపకం అది. బస్సు కిటికీ, నాన్న చొక్కాలో చెమట, ఇంజెక్షను, తర్వాత డాక్టరు షాపు పక్కన ఇచ్చిన చెరకురసం. ఆ రాత్రికి పులివెందులలో అమ్మమ్మ వాళ్ల ఇంట్లోనే పడుకుని మర్నాడు వస్తే ఊళ్లో పోలీసులున్నారు. మా ఊళ్లో పోలీసులుండటం కొత్త కాదు కాబట్టి ఆ రెండింటినీ నేనెప్పుడూ కలిపి చూడలేదు. మా నాన్న ఎక్కడున్నాడో చెప్పగలిగిన సాక్షి ఆయన భుజం మీదే ఉంది. ఆ సాక్షి కూడా ఆయన్ను నమ్మలేదు.

"కేసు పోయినాక మేమేం చెప్పుకోవల్ల? లేని మనిషిని పెట్టినామని చెప్పుకుంటామా? అయ్యవారు నోరు తిప్పినాడంటిమి. మొదట అన్యది నేనే, టీ అంగట్లో, పదిమందిలో. తర్వాత ఊరే మోసింది" అన్నాడు మామ.

అత్త చేటను పక్కకు నెట్టి, "ఇరవై ఏండ్లు, నాగ్గూడా చెప్పలే గదా నువ్వు" అంది. ఆ ఇంట్లో అత్త ఆయన్ను నువ్వు అనడం నేను విన్నది అదొక్కసారే.

నాకు కోపం వచ్చింది. పదిరోజులు నన్ను కనిపెట్టుకుని ఉన్న మనిషి మీద, ఆయన పెట్టిన కట్టుబాటు మీద కూడా వచ్చింది. రెండో ప్రశ్న లేదంటే అది అందరి మంచి కోసమని అనుకున్నాను. అందులో ఆయన దాచుకున్నది కూడా ఉంది. మర్నాడే బడికి వెళ్లిపోయాను. మూడు ఆదివారాలు పోలేదు. న్షిమా తిన్నాను, అది కూడా బాగానే ఉంది.

నాలుగో ఆదివారం మామే వచ్చాడు. క్యారియరు తెచ్చి, బడి వసారా మెట్ల మీద కూర్చున్నాడు. అక్కడ ఆనుకోవడానికి గోడ లేదు. తిట్టడానికైనా రావచ్చు కదా అన్నాడు. మా నాన్నకు ఫోను చేసి చెప్పమన్నాను. "ఫోన్లో చెప్పే మాట గాదు. నేను పోయి చెప్పల్ల" అన్నాడు. ఎప్పుడని అడిగితే క్యారియరు నా వైపు జరిపాడు. ఆయన ఆ జిల్లాలో కాలు పెట్టి అప్పటికి పందొమ్మిదేళ్లు. తనమీద పగ ఉన్నవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లను తలచుకునే ఆయన వీపు గోడను వెతుక్కుంటుంది. పొమ్మని నేనెట్లా అంటాను? క్యారియరు తీసుకున్నాను. తర్వాతి ఆదివారం వెళ్లాను. గేటు దగ్గర ముసలాయన "తిన్యావా పాపా?" అన్నాడు.

మిగిలిన ఏడాది ఎప్పటిలాగే గడిచింది. ఒక్క మార్పు. గోడ కుర్చీలో నన్ను కూర్చోబెట్టేవాడు. తను నా పక్కన కూర్చుని, కొంచెం మెడ తిప్పి వాకిలి చూసుకునేవాడు.

నేను తిరిగొచ్చిన ఏడాదికి, ఎండలు మొదలైన రోజుల్లో, మామ ప్రొద్దుటూరు వచ్చాడు. ముందు రోజు మాత్రమే ఫోను చేశాడు. ఆటో దిగిన మనిషిని చూసి నాన్న గడప దాటి ఎదురు వెళ్లాడు. ఇద్దరూ వీధిలో నిలబడిపోయారు. మామ చేతులు జోడించి, దారంతా కూడబలుక్కున్నట్టున్న మాటలు మొదలుపెట్టాడు. నాన్న సగంలోనే ఆపి, "నాకు తెలుసు, నీకు తెలుసు. పాపకు చెప్పినావు. చాలప్పా" అన్నాడు.

"చాల్దు అయ్యవారూ" అన్నాడు మామ. "నేను అన్యది టీ అంగట్లో. వెనక్కి తీసుకోవల్సింది గూడా ఆడనే."

నాన్న వద్దన్నాడు. ప్రాణం మీదికి తెచ్చుకోవద్దని, ఈ వయసులో తనకు కొత్తగా పేరేమీ అక్కర్లేదని చాలా చెప్పాడు. మామ వినలేదు. మంచినీళ్లు కూడా తాగకుండా అదే ఆటోలో జమ్మలమడుగు బస్సు ఎక్కడానికి వెళ్లాడు. పని అయ్యాకే మీ ఇంట్లో తింటానన్నాడు. అది మా వైపు పద్ధతి, నాన్నకు అర్థమైంది. అడ్డు చెప్పలేదు.

ఆ నాలుగైదు గంటలూ ఎట్లా గడిచాయో నాకు తెలుసు. అమ్మ ఎసరు పెట్టి దించింది, మళ్లీ పెట్టింది. నాన్న పేపరు ఒకే పేజీ పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే నేను అడిగాను, ఆ రోజు పులివెందుల పోయామని నాతో ఎందుకు చెప్పలేదు, చెప్పి ఉంటే నమ్మేదాన్ని కదా అని. "కోర్టులో చెప్పిన మాటే ఇంట్లోనూ చెప్పినా. ఇంట్లో గూడా సాక్షిని చూపించల్నా?" అన్నాడు. కోపంగా అనలేదు. నేను లేచి వంటింట్లోకి పోయి ఏడ్చాను. కాసేపటికి ఆయనే వచ్చి, నేను ఆ రోజు లేనని ఊళ్లో చెప్పుకుని ఉంటే వాళ్లు దొంగ సాక్ష్యం పెట్టారని తేలేది, అప్పటికే వాళ్ల ఇంట్లో శవం లేచింది, వాళ్ల మీద ఇంకొకటి ఎందుకు, అందుకే మీ అమ్మను కూడా చెప్పనివ్వలేదు అని చెప్పాడు.

టీ అంగట్లో ఏం జరిగిందో మామ మాతో చెప్పలేదు. తర్వాత అక్కడున్నవాళ్లే ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. రెండు తట్ల మనుషులూ ఉన్నారట. మామ టీ చెప్పి, గ్లాసు ముట్టుకోకుండా, నిలబడే, ఫలానా రోజు అయ్యవారు ఊళ్లో లేడు, ఆయన పేరు రాయించింది నేను, నోరు తిప్పినాడని అబద్ధం పుట్టించింది నేను అని అందరికీ వినపడేట్టు చెప్పాడట. అవతలి తట్టు ముసలాయన ఒకడు, "టీ చల్లారిపోతాది, తాగు" అన్నాడట. ఆ అంగడి ఇప్పుడు లేదు. ఊరే రిజర్వాయరు నీళ్ల కింద ఉంది. మాట మాత్రం మనుషులతో పాటు పునరావాస కాలనీకి పోయింది. నాన్న దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు ఆ ఏడాది నుంచే మళ్లీ మా ఇంటికి రావడం మొదలుపెట్టారు.

మామ చనిపోయాడని నాన్నకు చెప్పాను. ఆయన మా ఇంటికొచ్చిన రోజు కూర్చున్న కుర్చీ ఎక్కడుందని అడిగాడు. వంటింట్లో ఉందన్నాను. "ఆ రోజు దాన్ని యాడ ఏసుకున్యాడో గుర్తుందా?" అన్నాడు. గుర్తుంది.

ఆ రోజు మామ తిరిగి వచ్చేసరికి మూడైంది. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. ఆ ఊళ్లో ఏళ్ల తరబడి బతికిన నాన్నకు ఆ మనుషుల అలవాట్లు తెలుసు కాబట్టి, గోడకు ఆనించి, వాకిలికి ఎదురుగా కుర్చీ వేసి ఉంచాడు. మామ దాన్ని చూశాడు. వాకిలి చూశాడు. గాలి కోసం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, అవతల వీధి. ఆయన కుర్చీ ఎత్తి, బల్లకు ఇవతలి పక్కకు తెచ్చి వేసుకున్నాడు. మా నాన్నకు ఎదురుగా, వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాడు. అమ్మ సంగటి వడ్డించింది. రెండో ముద్ద దగ్గర వీధిలో ఎవరిదో బుల్లెట్టు బండి డబడబమంటూ వచ్చి, మా గడప ముందే ఒక్క క్షణం ఆగింది. మామ చేయి సంగటిలో ఆగిపోయింది. మెడ నరం బిగుసుకోవడం నాకు కనిపించింది. తిరిగి చూడలేదు. బండి మళ్లీ కదిలి పోయింది.

"ఇంగొంచెం ఊరుబిండి ఎయ్యి పాపా" అన్నాడు.